సేనానుల రూపచిత్రాలలో కవచం

సేనానుల రూపచిత్రాలలో కవచం ఐరోపా చిత్రకళలో, ముఖ్యంగా 15వ శతాబ్దం నుండి 18వ శతాబ్దం వరకు, విస్తృతంగా వాడబడిన ఒక ప్రతీక. చక్రవర్తులు, రాజులు, ప్రభువులు, సేనాపతులు తమను ఉక్కు కవచం ధరించిన వీరులుగా చిత్రింపజేసుకొనేవారు. యుద్ధంలో శరీరాన్ని కాపాడడానికి పుట్టిన కవచం ఈ చిత్రాలలో పరాక్రమానికి, వంశగౌరవానికి, మతనిష్ఠకు, పరిపాలనాధికారానికి గుర్తుగా మారింది. తుపాకుల వాడుక పెరిగి, యుద్ధభూమిలో నిండు కవచం ధరించేవారు దాదాపు లేకుండా పోయిన తరువాత కూడా చిత్రాలలో కవచం వంద సంవత్సరాలకు పైగా నిలిచి ఉన్నది. అందువలన ఒక సేనాని చిత్రంలో కనిపించే కవచం అతడు యుద్ధంలో ఏమి ధరించాడో చెప్పడం కంటే, అతడు ఎలా గుర్తుండిపోవాలని కోరుకున్నాడో ఎక్కువగా చెబుతుంది.

పదం, భావన

కవచం అనే సంస్కృత పదానికి తెలుగులో మైమరువు అనే పాత మాట ఉన్నది. మై అంటే శరీరం. కవచానికి కేవలం లోహపు తొడుగు అనే అర్థమే కాక నైతిక, ఆధ్యాత్మిక అర్థం కూడా ఉండడం భారతీయ సంప్రదాయంలో సుపరిచితమే. మహాభారతంలో కర్ణుడు సహజ కవచ కుండలాలతో జన్మించాడు. ఆ కవచం అతని దివ్యజన్మకు గుర్తు కాగా, దానిని కోసి ఇంద్రునికి దానమివ్వడం అతని దాతృత్వానికి గుర్తు. భాగవతం ఆరవ స్కంధంలోని నారాయణ కవచం వంటి స్తోత్రాలలో దేవుని నామమే కవచమవుతుంది.

ఐరోపాలో ఇటువంటి భావనకు మూలం క్రైస్తవ గ్రంథంలో ఉన్నది. బైబిలు కొత్త నిబంధనలోని ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయంలో నీతిని మైమరువుతోను, విశ్వాసాన్ని డాలుతోను, రక్షణను శిరస్త్రాణంతోను పోల్చడం జరిగింది. ఈ పోలిక వలన కవచధారి అయిన సైనికుడు ధర్మం కొరకు పోరాడే క్రైస్తవ వీరునికి సంకేతమయ్యాడు. డచ్చి పండితుడు ఎరాస్మస్ 1503లో ప్రచురించిన క్రైస్తవ సైనికుని కరదీపిక అనే గ్రంథం పేరులోనే ఈ భావన ఉన్నది.

కవచంలోని భాగాలు

ఇనుప వలయాలను ఒకదానిలో ఒకటి గుచ్చి అల్లిన గొలుసు కవచం మధ్యయుగాలలో ఎక్కువగా వాడుకలో ఉండేది. శరీరాన్నంతా ఉక్కు రేకులతో కప్పే నిండు కవచం 15వ శతాబ్దం నాటికి పూర్తి రూపం పొందింది. యుద్ధానికి వాడే నిండు కవచం బరువు సాధారణంగా 15 నుండి 25 కిలోగ్రాముల వరకు ఉండేది. ఆ బరువు ఒంటినిండా సర్దుకొనేలా అమర్చబడుతుంది కనుక దానిని ధరించినవాడు నడవగలడు, తనంతట తానే గుర్రం ఎక్కగలడు.

రూపచిత్రాలలో తరచుగా కనిపించే భాగాలు ఇవి:

* శిరస్త్రాణం: తలకు, ముఖానికి రక్షణ. చిత్రాలలో ఇది చాలా వరకు తలపై ఉండదు.
* గొంతు కవచం: మెడ చుట్టూ ఉండే పట్టీ.
* రొమ్ము కవచం, వీపు కవచం: మొండెమునకు ముందు వెనుకల రక్షణ.
* ఇనుప చేతి తొడుగులు.
* అధికారదండం: ఇది కవచంలో భాగం కాదు. సైన్యాధిపత్యానికి గుర్తుగా చేత పట్టుకొనే పొట్టి కర్ర.

ఇటలీలోని మిలన్, జర్మనీలోని ఆగ్స్‌బర్గ్, న్యూరెంబర్గ్, ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరాలు కవచాల తయారీకి ప్రసిద్ధి చెందినవి. ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీ గ్రీనిచ్ వద్ద రాజ కర్మాగారాన్ని స్థాపించాడు. చెక్కడపు పని, బంగారు పూత కలిగిన మేలైన కవచం ఎంతో ఖరీదైనది. కాబట్టి చిత్రంలో కవచం మొట్టమొదట తెలియజేసేది ధరించినవాని సంపద, హోదా.

రోమను నమూనా

కవచధారి పాలకుని ప్రతిమకు ప్రాచీన రోమను శిల్పం ఆదర్శం. 1863లో రోము సమీపంలోని ప్రిమా పోర్టా వద్ద దొరికిన అగస్టస్ చక్రవర్తి పాలరాతి విగ్రహం ప్రస్తుతం వాటికన్ మ్యూజియంలో ఉన్నది. ఈ విగ్రహంలో అగస్టస్ రొమ్ము కవచం ధరించి, సైన్యాన్ని ఉద్దేశించి మాట్లాడుతున్నట్లు చేయి ఎత్తి ఉంటాడు. కవచం మధ్యభాగంలో పార్థియనులు రోమను సైనిక ధ్వజాన్ని తిరిగి అప్పగిస్తున్న దృశ్యం చెక్కబడి ఉన్నది. ఇది క్రీ.పూ. 20లో యుద్ధం లేకుండా, రాయబారం ద్వారా సాధించిన విజయం. పాదాలు మాత్రం చెప్పులు లేకుండా ఉన్నవి. నిజమైన సైనికుడెవడూ వట్టి కాళ్ళతో యుద్ధానికి వెళ్ళడు. దేవతల, వీరపురుషుల శిల్పాలలో కనిపించే ఈ లక్షణం వలన ఇది యుద్ధవేషం కాదనీ, ఆరాధనీయుడైన పాలకుని రూపమనీ తెలుస్తుంది. కవచాన్ని ఒక ప్రకటనగా వాడుకొనే పద్ధతి ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది.

16వ శతాబ్దంలో మిలన్‌కు చెందిన ఫిలిప్పో నెగ్రోలి వంటి పనివారు రోమను పద్ధతిలో శిరస్త్రాణాలు, కవచాలు తయారుచేశారు. ఇవి ప్రధానంగా ఊరేగింపులకు ఉద్దేశించబడినవి.

ప్రతీకార్థాలు

మెరుపు: మెరుగుపెట్టిన ఉక్కు అద్దంలా ఉంటుంది. ఇటాలియన్ చిత్రకారుడు జార్జియో వసారి 1534లో ఫ్లోరెన్స్ ప్రభువు అలెస్సాండ్రో డి మెడిచి చిత్రాన్ని గీసి, అందులోని ప్రతీకలను ఒక లేఖలో వివరించాడు. ప్రభువు కవచం అద్దం వలె ఉండి, ప్రజలు తమ జీవితాలను అందులో చూసుకొనేలా ఉండాలన్నది అతని వివరణలోని భావం. చిత్రకారుడే స్వయంగా కవచానికి అర్థం చెప్పిన అరుదైన సందర్భం కనుక ఈ లేఖ చాలా విలువైనది.

తీసివేసిన శిరస్త్రాణం: ముఖం కనిపించనిదే రూపచిత్రం లేదు. కనుక శిరస్త్రాణాన్ని బల్లపైనో నేలపైనో ఉంచడం ఆచారమయ్యింది. ఈ అవసరం నుండే మరొక అర్థం పుట్టింది: యుద్ధం ముగిసినది, విజేత ఇప్పుడు పరిపాలకుడు. వసారి చిత్రంలో శిరస్త్రాణం నేలపై మండుతూ ఉంటుంది. అది తలపై లేకపోవడం శాంతికి గుర్తు అని అతడు వివరించాడు. శిరస్త్రాణంపై చేయి ఆనించి ఉంచితే, అవసరమైతే తిరిగి ధరించడానికి సిద్ధమనే హెచ్చరిక కూడా అందులో ఉంటుంది.

మతచిహ్నాలు: రొమ్ము కవచంపై మేరీమాత, శిలువ, పునీతుల బొమ్మలు చెక్కించుకోవడం సాధారణం. ఇవి ధరించినవానికి దైవరక్షణను, అతని యుద్ధానికి ధర్మబద్ధతను సూచిస్తాయి.

గౌరవ చిహ్నాలు: గోల్డెన్ ఫ్లీస్, గార్టర్ వంటి వీరసంఘాల పతకాలు కవచంపై వ్రేలాడుతుంటాయి. సేనాని భుజం మీదుగానో నడుముకో కట్టుకొన్న పట్టీ రంగు అతడు ఏ పక్షమో చెబుతుంది.

ప్రముఖ చిత్రాలు

ఫెడెరికో డా మాంటెఫెల్ట్రో

ఫెడెరికో (1422-1482) ఇటలీలోని ఉర్బినో ప్రభువు. ఇతర రాజ్యాల తరఫున వేతనానికి యుద్ధాలు చేసిన సేనాని. పియెరో డెల్లా ఫ్రాన్సెస్కా 1470లలో చిత్రించిన బలిపీఠ చిత్రంలో (బ్రెరా గ్యాలరీ, మిలన్) ఫెడెరికో నిండు కవచంతో మేరీమాత ముందు మోకరిల్లి ఉంటాడు. శిరస్త్రాణం, చేతి తొడుగులు, అధికారదండం అతని ముందు నేలపై ఉన్నవి. వృత్తిరీత్యా చేసిన యుద్ధాలు ఇక్కడ దైవసేవగా కనిపిస్తాయి. అతని ముఖం ఎడమ పక్క నుండి మాత్రమే చూపబడింది. ఒక క్రీడాయుద్ధంలో కుడికన్ను పోగొట్టుకొన్నందువలన అతని చిత్రాలన్నిటిలో ఈ పద్ధతే పాటించబడింది. కవచం ఎంత వివరంగా చిత్రించబడినా, ఆ కవచం కాపాడలేకపోయిన గాయం చిత్రంలో చోటు చేసుకోలేదు.

ఉర్బినోలో ఉన్న మరొక చిత్రంలో ఫెడెరికో నిండు కవచంతో కుర్చీలో కూర్చుని ఒక పెద్ద గ్రంథాన్ని చదువుతుంటాడు. పక్కన బాలుడైన కుమారుడు గుయిడోబాల్డో రాజదండంతో నిలుచుని ఉంటాడు. ఈ చిత్రాన్ని కొందరు జుస్టస్ వాన్ గెంట్‌కు, మరికొందరు పెడ్రో బెర్రుగెటేకు ఆపాదిస్తారు. కవచంతో పుస్తకం చదవడం ఎవరి దినచర్యా కాదు. ఖడ్గం, విద్య రెండూ ఒకే వ్యక్తిలో ఉన్నాయని, అతని తరువాత వారసుడు ఉన్నాడని తెలియజేయడమే దీని ఉద్దేశం. ఫెడెరికో సేకరించిన గ్రంథాలయం అప్పటి ఇటలీలో పేరుపొందినది. 1657లో అది వాటికన్‌కు చేరింది.

ఫ్రాన్సెస్కో మరియా డెల్లా రోవెరె

తరువాతి కాలంలో ఉర్బినోకు ప్రభువైన ఫ్రాన్సెస్కో మరియా (1490-1538) చిత్రాన్ని టిషియన్ 1536-38లో గీశాడు. ఇది ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ గ్యాలరీలో ఉన్నది. అతని చేతిలోని దండం వెనిస్ సైన్యాధిపత్యానికి గుర్తు. వెనుక గోడ వద్ద ఉన్న మరి రెండు దండాలు పోప్, ఫ్లోరెన్స్ సైన్యాలకు అతడు నాయకత్వం వహించిన సంగతిని గుర్తుచేస్తాయి. వాటి పక్కనే ఉన్న ఓక్ చెట్టు కొమ్మ వంశచిహ్నం. రోవెరె అంటే ఇటాలియన్ భాషలో ఓక్ చెట్టు.

చిత్రంలో లేనిది కూడా గమనించదగినది. 1527 మే నెలలో ఐదవ ఛార్లెస్ చక్రవర్తికి చెందిన సైనికులు రోము నగరాన్ని దోచుకొన్నపుడు, నగరాన్ని కాపాడవలసిన కూటమి సైన్యానికి నాయకుడు ఫ్రాన్సెస్కో మరియాయే. సకాలంలో కదలలేదనే విమర్శను అతడు ఎదుర్కొన్నాడు. దాదాపు పది సంవత్సరాల తరువాత గీయబడిన ఈ చిత్రంలో దండాలు, కవచం, వంశచిహ్నం మాత్రమే మిగిలినవి.

ఐదవ ఛార్లెస్ చక్రవర్తి

ఈ విషయంలో అత్యంత ప్రసిద్ధమైనది టిషియన్ 1548లో ఆగ్స్‌బర్గ్ నగరంలో చిత్రించిన ఐదవ ఛార్లెస్ అశ్వారూఢ చిత్రం (ప్రాడో మ్యూజియం, మాడ్రిడ్). 1547 ఏప్రిల్ 24న మ్యూల్‌బెర్గ్ వద్ద ప్రొటెస్టెంటు ప్రభువుల కూటమిపై పవిత్ర రోమన్ చక్రవర్తి ఛార్లెస్ సాధించిన విజయానికి ఇది స్మారకం. ఎత్తు 335 సెంటీమీటర్లు, వెడల్పు 283 సెంటీమీటర్లు.

చక్రవర్తి నల్లని గుర్రంపై, చేత ఈటెతో అడవి అంచు నుండి వెలువడుతుంటాడు. ఇది యుద్ధ విజయ చిత్రమైనప్పటికీ ఇందులో శత్రువులు లేరు, శవాలు లేవు, సైన్యమూ లేదు. ఈటె రోమను చక్రవర్తులను, క్రైస్తవ వీరుడైన సెయింట్ జార్జిని గుర్తుచేస్తుందని వ్యాఖ్యాతలు చెబుతారు. మెడలో గోల్డెన్ ఫ్లీస్ పతకం, కవచంపై ఎర్రని పట్టీ ఉన్నవి. అప్పటికి ఛార్లెస్ వాతరోగంతో చాలాకాలంగా బాధపడుతున్నాడు. చిత్రంలోని నిటారైన శరీరానికి ఆ బాధ తెలియదు.

ఈ చిత్రంలోని కవచం ఊహాకల్పితం కాదు. ఆగ్స్‌బర్గ్‌కు చెందిన డెసిడెరియస్ హెల్మ్‌ష్మిడ్ 1544లో తయారుచేసిన ఆ కవచం నేటికీ మాడ్రిడ్‌లోని రాజ ఆయుధశాలలో భద్రపరచబడి ఉన్నది. 1734లో మాడ్రిడ్ రాజప్రాసాదంలో జరిగిన అగ్నిప్రమాదంలో చిత్రం క్రింది భాగం దెబ్బతిన్నది.

ఇదే చక్రవర్తికి శిల్పి లియోనె లియోని 1550లలో చేసిన కంచు విగ్రహంలో ఒక విశేషమున్నది. దాని కవచాన్ని విడదీసి తీసివేయవచ్చును. లోపల ప్రాచీన దేవతల వలె నగ్నమైన వీరదేహం ఉంటుంది. కవచంతో అతడు సమకాలీన సేనాని, కవచం లేకుండా పురాణపురుషుడు.

ఛార్లెస్ కుమారుడు రెండవ ఫిలిప్ కూడా టిషియన్ చేత కవచధారిగా చిత్రింపబడ్డాడు (1551, ప్రాడో). ఇంగ్లండు రాణి మేరీతో వివాహ సంప్రదింపులు జరుగుతున్నపుడు, 1553లో ఈ చిత్రం ఆమె చూడడానికి లండన్‌కు పంపబడింది. ఆ విధంగా కవచధారి చిత్రం పెళ్ళిచూపుల చిత్రంగా కూడా ఉపయోగపడింది.

చిత్రించే పద్ధతి

సేనాని రోజుల తరబడి బరువైన కవచంతో చిత్రకారుని ఎదుట నిలబడడం సాధ్యం కాదు. సాధారణంగా ముఖాన్ని ఎదుట చూసి గీసుకొని, కవచాన్ని విడిగా తెప్పించుకొని చిత్రించేవారు. ఫ్రాన్సెస్కో మరియా తన కవచాన్ని వెనిస్‌లోని టిషియన్ వద్దకు పంపి, తిరిగి పంపవలసిందిగా కోరాడు.

మెరిసే లోహాన్ని రంగులతో చూపడం చిత్రకారునికి కఠినమైన పరీక్ష. లోహానికి తనదైన రంగు తక్కువ. చుట్టూ ఉన్న ఎర్రని తెరలు, కిటికీ వెలుగు, ధరించినవాని చేయి అన్నీ అందులో ప్రతిఫలిస్తాయి. ముదురు బూడిదరంగు పూతపై తెల్లని చుక్కలు, గీతలు సరైన చోట పెట్టినపుడే అది ఉక్కుగా కనిపిస్తుంది. అలెస్సాండ్రో చిత్రం గీసేటపుడు ఆ మెరుపును పట్టుకోలేక తనకు మతిపోయినంత పనయ్యిందని వసారి తరువాత వ్రాసుకొన్నాడు. అప్పుడు చిత్రకారుడు పొంటోర్మో, నిజమైన కవచం పక్కనే ఉన్నంతవరకు గీసినది బొమ్మగానే కనిపిస్తుందని, దానిని తీసివేసి చూడమని సలహా ఇచ్చాడట. తైలవర్ణాల వాడకం వ్యాపించిన తరువాతనే ఇటువంటి ప్రతిఫలనాలు ఇంత సూక్ష్మంగా చిత్రించడం సాధ్యమైనది.

అలెస్సాండ్రో విషయంలో కవచం అవసరం మరింత ఉన్నది. 1530లో ముట్టడి తరువాత ఫ్లోరెన్స్ గణతంత్రం అంతమై, 1532లో అతడు ఆ నగరానికి మొదటి వంశపారంపర్య ప్రభువయ్యాడు. చిత్రంలో అతడు కూర్చున్న పీఠం కాళ్ళుగా చేతులు, కాళ్ళు లేని మానవాకృతులు ఉన్నవి. పాలకుని ఇష్టానుసారం నడచుకొనే ప్రజలకు అవి సంకేతాలు. చిత్రం గీసిన మూడేళ్ళకు, 1537 జనవరిలో, అలెస్సాండ్రో తన బంధువు లోరెంజినో చేతిలో హతమయ్యాడు. అతని తరువాత ప్రభువైన మొదటి కోసిమో కూడా బ్రోంజినో చేత కవచంతో చిత్రింపజేసుకొన్నాడు. ఆ చిత్రానికి అనేక నకళ్ళు తయారై బంధుమిత్రులకు, ఇతర రాజాస్థానాలకు వెళ్ళినవి.

తుపాకుల కాలంలో కవచం

తుపాకీ గుండ్లను ఆపడానికి కవచపు రేకులను మందంగా చేయవలసి వచ్చింది. కవచం తయారయ్యాక దానిపై ఒక గుండు కాల్చి, పడిన సొట్టను నాణ్యతకు సాక్ష్యంగా అలాగే ఉంచేవారు. బరువు భరించరానిది కావడంతో కాళ్ళ కవచం, తరువాత చేతుల కవచం వదిలివేయబడినవి. 17వ శతాబ్దం చివరి నాటికి రొమ్ము కవచం, శిరస్త్రాణం మాత్రమే కొన్ని అశ్వదళాలలో మిగిలినవి. చిత్రాలలో మాత్రం కవచం కొనసాగినది. యుద్ధానికి, చిత్రానికి మధ్య దూరం పెరుగుతున్న కొద్దీ కవచం పూర్తిగా ప్రతీకగా మారింది. ఈ క్రింది మూడు ఉదాహరణలు ఈ మార్పును చూపుతాయి.

యుద్ధానికి వెళ్ళని సేనాని: స్పెయిన్ రాజు నాలుగవ ఫిలిప్ మంత్రి ఒలివారెస్ చిత్రాన్ని వెలాస్క్వెజ్ 1630లలో గీశాడు (ప్రాడో). ముందు కాళ్ళు ఎత్తిన గుర్రంపై, బంగారు అలంకరణ గల రొమ్ము కవచంతో, చేత దండంతో ఒలివారెస్ యుద్ధాన్ని నడిపిస్తున్నట్లు కనిపిస్తాడు. వాస్తవంలో అతడు యుద్ధభూమిలో సైన్యాన్ని నడిపినవాడు కాదు. ఆస్థానంలో కూర్చుని యుద్ధ విధానాన్ని నిర్ణయించిన మంత్రికి కవచం సేనాని హోదాను కల్పించింది.

ఇరుపక్షాల కవచం: ఇంగ్లండు రాజు మొదటి ఛార్లెస్ అశ్వారూఢ చిత్రాన్ని వాన్ డైక్ 1637-38 ప్రాంతంలో గీశాడు (నేషనల్ గ్యాలరీ, లండన్). కవచం, సెయింట్ జార్జి పతకం, చేత దండంతో రాజు ఇందులో దైవదత్తమైన అధికారానికి ప్రతిరూపం. 1642లో రాజుకు, పార్లమెంటుకు మధ్య అంతర్యుద్ధం మొదలైనది. 1649 జనవరి 30న రాజు శిరచ్ఛేదం జరిగింది. ఆ కాలంలోనే పార్లమెంటు సేనాని ఆలివర్ క్రాంవెల్ చిత్రాన్ని రాబర్ట్ వాకర్ గీశాడు (నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ, లండన్). అందులో క్రాంవెల్ కూడా కవచధారియే. నిలుచున్న తీరు, నడుముకు పట్టీ కడుతున్న సేవకుడు కూడా వాన్ డైక్ చిత్రాల నుండి తీసుకోబడినవే. రాజరికాన్ని కూలదోసినవారికి సైతం అధికారాన్ని చూపడానికి రాజుల కవచం తప్ప వేరే చిత్రభాష అప్పటికి సిద్ధంగా లేదు.

వలస సైన్యాధిపతి: బ్రిటిషు సేనాని జెఫ్రీ ఆంహెర్స్ట్ 1760లో మాంట్రియల్‌ను స్వాధీనం చేసుకొన్నాడు. 1765లో జాషువా రేనాల్డ్స్ అతనిని ఉక్కు కవచంతో, ఎదుట శిరస్త్రాణం, పటంతో చిత్రించాడు. వెనుక సెయింట్ లారెన్స్ నది సుళ్ళలో దిగుతున్న పడవలు కనిపిస్తాయి. అమెరికా అడవులలో ఆ సైన్యంలో ఎవరూ అటువంటి కవచం ధరించలేదు. కవచం ఇక్కడ మధ్యయుగపు వీరధర్మాన్ని, అంటే ఎదురుగా నిలిచి ధర్మబద్ధంగా పోరాడడాన్ని, గుర్తుచేస్తుంది. కాని అదే ఆంహెర్స్ట్ 1763లో స్థానిక అమెరికన్ జాతుల తిరుగుబాటు సమయంలో, వారిలో మశూచిని వ్యాపింపజేయాలని తన లేఖలలో సూచించాడు. ప్రతీకకు, చరిత్రకు మధ్య ఉండగల అంతరానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

స్త్రీలు, కవచం

కవచం పురుషుల వేషంగా భావింపబడినందున స్త్రీల చిత్రాలలో దాని ఉనికికి ప్రత్యేక అర్థం ఉన్నది. ఫ్రాన్సు వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్‌ను చూసి గీసిన చిత్రమేదీ మిగలలేదు. ఆమె జీవించి ఉండగా గీసిన బొమ్మ ఒకటే లభించింది. అది 1429లో పారిస్ పార్లమెంటు లేఖకుడు దస్తావేజు అంచున గీసినది. అతడు ఆమెను చూడలేదు. ఆ బొమ్మలో ఆమె గౌనులో, చేత ఖడ్గం, జెండాలతో ఉంటుంది. పురుష వేషం ధరించడం 1431లో ఆమెపై జరిగిన విచారణలో ప్రధాన ఆరోపణలలో ఒకటి. 1854లో ఆంగ్రె గీసిన చిత్రంలో (లూవ్ర్ మ్యూజియం) ఆమె మెరిసే కవచంతో, తల చుట్టూ కాంతివలయంతో బలిపీఠం పక్కన నిలుచుని ఉంటుంది. బ్రతికి ఉన్నపుడు నేరంగా ఎంచబడిన వేషం నాలుగు శతాబ్దాల తరువాత పవిత్రతకు గుర్తు అయ్యింది.

రూబెన్స్ 1622-25 మధ్య ఫ్రాన్సు రాజమాత మేరీ డి మెడిచి జీవితంపై గీసిన చిత్రమాలికలో ఆమె ఒకచోట శిరస్త్రాణం ధరించి తెల్లని గుర్రంపై ఉంటుంది. యుద్ధదేవత రూపంలో అయితేనే పాలకురాలికి కవచం తగినదిగా అప్పటివారు భావించారు.

భారతదేశంలో, దక్కనులో

మొఘలు సైన్యంలో గొలుసు కవచంపై నాలుగు ఉక్కు పలకలు ధరించేవారు. రొమ్ముకు ఒకటి, వీపుకు ఒకటి, రెండు పక్కలకు రెండు. దీనిని చార్ ఆయినా అంటారు. పర్షియన్ భాషలో ఈ మాటకు నాలుగు అద్దాలు అని అర్థం. వసారి చెప్పిన అద్దపు పోలిక ఇక్కడ కవచం పేరులోనే ఉండడం విశేషం.

అక్బర్‌నామా గ్రంథానికి గీసిన యుద్ధ దృశ్యాలలో కవచాలు, గుర్రాల తొడుగులు వివరంగా చిత్రించబడినవి. కాని విడి రూపచిత్రాలలో మొఘలు చక్రవర్తులు, సేనానులు సాధారణంగా కవచంతో కనిపించరు. పలుచని జామా, నడికట్టులో కటారు, తలపాగాపై రత్నాలు, చేతిలో పువ్వో ఖడ్గమో ఉంటాయి. జహంగీరు కాలం నుండి చక్రవర్తి తల చుట్టూ కాంతివలయం చిత్రించడం ఆచారమయ్యింది. ఐరోపాలో కవచం చెప్పిన అధికారాన్ని ఇక్కడ కాంతివలయం, రత్నాలు, నిశ్చలమైన భంగిమ చెప్పినవి.

దక్కనులో శివాజీ విషయం గమనించదగినది. 1659 నవంబరు 10న ప్రతాప్‌గఢ్ వద్ద అఫ్జల్ ఖాన్‌ను కలుసుకొన్నపుడు శివాజీ దుస్తుల లోపల గొలుసు కవచం ధరించాడని చారిత్రక కథనాలు తెలుపుతున్నవి. అక్కడ కవచం ప్రాణరక్షణకు కనుక కనబడకుండా ఉండవలసి వచ్చింది. 1677లో శివాజీ గోల్కొండ రాజ్యానికి వచ్చి అబుల్ హసన్ కుతుబ్ షాను కలుసుకొన్నాడు. 1680లలో గోల్కొండ చిత్రకారులు గీసి, డచ్చివారి ద్వారా ఐరోపాకు చేరిన రూపచిత్రాలలో శివాజీ చిత్రం కూడా ఉన్నది. ఇది ఆంస్టర్‌డాం లోని రైక్స్ మ్యూజియంలో విట్సెన్ ఆల్బం అనే సంపుటంలో ఉన్నది. అందులో అతడు తలపాగా, నిలువుటంగీ, ఆయుధంతో ఉంటాడు. కవచం కనిపించదు. యుద్ధాలతోనే రాజ్యం నిర్మించిన వ్యక్తికి కూడా దక్కను చిత్రసంప్రదాయంలో కవచం అవసరం కాలేదు.

ఉపఖండపు కవచాలను దగ్గర నుండి చూడగోరేవారికి హైదరాబాదులోని సాలార్ జంగ్ మ్యూజియం ఆయుధ విభాగం అనుకూలమైనది.

యూనిఫారం రాకతో మార్పు

18వ శతాబ్దంలో స్థిరమైన ప్రభుత్వ సైన్యాలు, ఒకే రకమైన సైనిక దుస్తులు వచ్చినవి. బెంజమిన్ వెస్ట్ 1770లో గీసిన జనరల్ వుల్ఫ్ మరణం చిత్రంలో సేనాని సమకాలీన సైనిక దుస్తులలోనే మరణిస్తాడు. వీరోచిత దృశ్యానికి నాటి దుస్తులు తగవని అప్పట్లో వాదన వచ్చినప్పటికీ చిత్రం విశేష ఆదరణ పొందినది. చార్లెస్ విల్సన్ పీల్ 1772లో గీసిన జార్జి వాషింగ్టన్ చిత్రంలో నిండు కవచంలో మిగిలినది మెడ క్రింద నెలవంక ఆకారంలో ఉన్న చిన్న గొంతు పలక మాత్రమే. అది అప్పటికి అధికారి హోదాను తెలిపే గుర్తు. 1801లో డేవిడ్ గీసిన ఆల్ప్స్ దాటుతున్న నెపోలియన్ చిత్రంలో కవచం లేదు. కాని ప్రతీక అవసరం తీరలేదు. కంచర గాడిదపై పర్వతాలు దాటిన సేనాని చిత్రంలో ఎగసిపడే గుర్రంపై ఉంటాడు. కవచం చేసిన పనిని గుర్రం చేసింది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధానికి ఫ్రెంచి అశ్వదళాలలో కొన్ని రొమ్ము కవచాలతోనే బయలుదేరినవి. బ్రిటిషు రాజు అంగరక్షక అశ్వదళం ఉత్సవాలలో నేటికీ రొమ్ము కవచం ధరిస్తుంది.

చారిత్రక ఆధారంగా విలువ

కవచధారుల రూపచిత్రాలు కవచాల చరిత్రకు మంచి ఆధారాలు. మాడ్రిడ్ ఆయుధశాలలో వలె చిత్రం, కవచం రెండూ మిగిలినచోట వాటిని పోల్చి పనివానిని, కాలాన్ని గుర్తించవచ్చును. కాని యుద్ధాల చరిత్రకు వాటిని ఆధారంగా తీసుకొనేటపుడు జాగ్రత్త అవసరం. కవచం ఉన్నంత మాత్రాన ఆ వ్యక్తి యుద్ధం చేశాడని గాని, గెలిచాడని గాని, ధర్మంగా పోరాడాడని గాని చెప్పలేము. ఫెడెరికో పోయిన కన్ను, ఐదవ ఛార్లెస్ వాతరోగం, ఒలివారెస్ చూడని యుద్ధభూమి, ఆంహెర్స్ట్ లేఖలు చిత్రాలలో కనిపించవు. అవి లేఖలలో, దస్తావేజులలో, సమకాలీనుల రచనలలో లభిస్తాయి. చిత్రాన్ని వాటితో కలిపి చదివినపుడే ఆ కవచం దేనిని చూపడానికి, దేనిని కప్పడానికి ఉద్దేశించబడిందో తెలుస్తుంది.